పాతచీర – క్రొత్తకానుక

“గంతకు తగిన బొంత” యని మనలో నొక సామెత గలదు. అందు బొంతకు మర్యాద లేదు. సంస్కృతమున దీనినే కంథ యందురు. సన్న్యాసి భుజముపై నున్న కంథ వైరాగ్యచిహ్నమై మన్నన లందుకొన్నది. ఇల్లాలి చేతి బొంత మాత్రము సామెతలో చులకనయైనది. ఆ చులకనభావమును నేనును కొంతకాలము మోసితిని. ఆ ఋణము తీర్చుకొనుటకే యీ నాలుగు మాటలు.

మా యింట వేసవి మధ్యాహ్నములు బొంతల కాలము. చిరిగిన చీరను పారవేయుట మా యమ్మ యెరుగదు. అంచు గట్టిగా నున్న త్రాడగును. కొంగు బాగున్న వడకట్టు గుడ్డ యగును. ఉతికి యుతికి మెత్తబడిన నడిమి భాగము బొంతలోనికి పోవును. వసారాలో చాప వేసి, నాలుగైదు పొరలు ముడుత లేకుండ పరచి, మూలల బరువు లుంచి, ముందుగా పెద్ద పెద్ద టాకాలతో పొరలు కదలకుండ బిగించెడిది. పిమ్మట సూదిని దించుచు, తేల్చుచు, వ్రేలెడు సందున నొక్కొక్క వరుసగా కుట్టుకొనిపోయెడిది. పైపొర చిరిగినచోట రంగుగుడ్డతో మాసిక వేసెడిది. ఇరుగుపొరుగున నెవరికి కాన్పు దగ్గరపడినను ఒక చిన్నబొంత కుట్టి యిచ్చెడిది. క్రొత్తగుడ్డలోని గంజిబిరుసు పసిమేనికి గ్రుచ్చుకొనును. పదేండ్లు కట్టి యుతికిన నూలుచీరయే పొత్తిళ్ళకు తగినది.

1987లో నేను ఇంటర్మీడియేటు చదువునకై పట్టణము పోవునపుడు నాకును ఒక బొంత కుట్టి యిచ్చినది. వసతిగృహమున తోడివారు దుకాణములో కొన్న రంగుల దుప్పట్లు పరచుకొనిరి. నాకు సిగ్గు వేసినది. బొంతను పెట్టె యడుగున దాచి, చలిలో పంచె కప్పుకొని పండుకొంటిని. సంక్రాంతికి ఇంటికి పోగా, “బొంత వెచ్చగా ఉందా నాయనా?” అని అడిగినది. “ఉందమ్మా” అంటిని. వేసవిలో పెట్టె సర్దుచు ఆమెయే ఆ బొంతను వెలికి తీసినది. నలగని ఆ బొంతను ఒక్క నిమిషము చూచినది; మరల మడిచి పెట్టినది. ఏమియు ననలేదు.

ఆమె గతించిన చాలకాలమునకు నేనా బొంతను విప్పితిని. ఒక మూల కుట్టు వీడి లోపొరలు కనబడినవి. పైన అమ్మ చీర. దాని క్రింద నాన్నగారి పంచె. అంతకు క్రింద అమ్మమ్మ కట్టిన చీర. మాసిక మాత్రము నా చిన్ననాటి బడిచొక్కా. ఇల్లంతయు నాతో పట్టణము వచ్చి పెట్టె యడుగున పడియుండెను!

వినయపిటకమందలి చుల్లవగ్గమున నొక కథ గలదు. ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఆనందునకు 500 వస్త్రములు దానమిచ్చిరి. ఇన్ని వస్త్రము లేమి చేసెదవని రాజడిగెను. చీవరములు చిరిగిన భిక్షువులకు పంచెదనని ఆనందుడు చెప్పెను. మరి పాతచీవరములో? పైపరపు లగును. అవియు పాతవైన? పరుపు గలీబులు, పిదప నేలపరపులు, పిదప కాలితుడుపు గుడ్డలు, ఆపైన దుమ్ము దులుపు గుడ్డలు. చివరకు వానిని దంచి, మట్టిలో కలిపి నేల అలుకుదుమని ఆనందుని సమాధానము. రాజు సంతసించి మరి 500 వస్త్రము లిచ్చెను. నేత కష్ట మెరిగినవాని కొక్క పీలికయు వ్యర్థము కాదు.

వంగదేశపు ఇల్లాండ్రు పాతచీరల అంచులనుండి లాగిన రంగుదారములతోనే కాంథాలపై బొమ్మలు కుట్టిరి. జసీముద్దీన్ 1929లో వెలువరించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యమున నాయిక సాజు తన బ్రతుకు కథను కాంథాపై కుట్టి, దానిని తన సమాధిపై పరువుమని కోరును. ఇట్టి మమత ఒక దేశమునకే చెందినది కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను నల్లజాతి రైతుల పల్లె గలదు. 1942లో అచటి మిస్సూరీ పెట్‌వే యను స్త్రీ, గతించిన భర్త పొలము పనికి తొడిగిన దుస్తులనే బొంతగా కుట్టి కప్పుకొనెను. 2002లో ఆ పల్లె బొంతలు హ్యూస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాల గోడల కెక్కినవి. గోడ కెక్కినగాని లోకము బొంతను గౌరవింపదేమో! బిడ్డలకైన మనము ముందుగా చెప్పవలదా?

ఉపాధ్యాయ మిత్రులారా, ఏడాదికొక్క కానుకయైన పిల్లలచేత పాతగుడ్డతో కుట్టింపుడు. చేసంచియో, గుడ్డబొమ్మయో, వేడిగిన్నె దించు మసిగుడ్డయో ఏదైనను సరియే. గుడ్డను వెలుతురున కెత్తి చూడుడు. పలచబడిన భాగము లోపొరకే పనికివచ్చును. రంగు దిగునేమో ముందుగా ఉతికి చూడుడు. నూలును నూలుతోనే కలుపుడు; లేకున్న నొకటి ముడుచుకొని, వేరొకటి యుబ్బును. విద్యార్థులారా, గుడ్డ యెవరిదో వారి నడిగి తీసికొనుడు. కానుక యిచ్చునపుడు వారి పేరు చెప్పి యిండు. ఆ పేరుతోనే పీలిక కానుక యగును.

వీడిన మూలను నేనే కుట్టుకొంటిని. వరుస వంకరపోయినది. చలికాలమున నిపుడా బొంతయే కప్పుకొందును. వెచ్చగా ఉందా యని అడుగువారు లేరు. నా యొద్ద జవాబు మాత్రము నేటికి నిజమైనది.