వడ్రంగమునకు ఏడు పనిముట్లు

బిడ్డకు వడ్రంగమునందు అభిరుచి కలిగినదనగానే తల్లిదండ్రులకు రెండు సందేహములు కలుగును. వ్రేలు తెగునేమో యన్నది మొదటిది. పనిముట్లకు ఎంత వ్యయమగునో యన్నది రెండవది. రెంటికిని సమాధానమొక్కటియే: కొద్ది పనిముట్లు కొని, వానిని పదునుగా నుంచుట. గట్టి బల్లయు, కొయ్యను కదలకుండ బిగించుటకొక మరయు నున్నచో, చిన్న పీట చేయుటకు ఏడు పనిముట్లు చాలును.

మొదటిపని కొలత. ఇందుకు కొలబద్దయు, మూలమట్టమును వలయును. మూలమట్టము సరియైనదో కాదో అంగడిలోనే తెలిసికొనవచ్చును. తిన్నని అంచుగల పలకకు దానిని ఆనించి ఒక గీత గీయవలెను. పిమ్మట పిడి రెండవవైపునకు వచ్చునట్లు తిరగవేసి, అదేచోట మరల గీయవలెను. గీతలు రెండును ఏకమైనచో మట్టము మంచిది, విడిపోయినచో కొనరాదు.

రెండవపని కోత. రంపపు పండ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఒరగియుండును. అందుచేత కోత రేకుకంటె వెడల్పై, రేకు బిగిసికొనక సాగును. గీతను మిగిల్చి, తీసివేయు భాగమువైపుననే కోయవలెను. మిగిలిన కొయ్యను చిత్రికతో సరిచేయవచ్చును గాని, పొట్టిదైన కొయ్యను పొడిగించుట ఎవరి తరము?

మూడవపని నునుపు. చిత్రిక అలుగు అడుగునుండి వెండ్రుకవాసి మాత్రమే వెలికి రావలెను. కొయ్యనార చిరిగి లేచుచున్నచో బలము హెచ్చింపరాదు; కొయ్యనే త్రిప్పి పెట్టవలెను.

నాలుగవపని కూర్పు. ఉలితో బెజ్జము తొలిచి, అందు కుసిని దిగవేయుదురు. కొయ్యపిడిగల ఉలికి కొయ్యసుత్తియే తగినది. ఇనుపసుత్తి పిడిని చీల్చును. బిడ్డకు ముందుగా నేర్పవలసిన నియమమిది: చేతులు రెండును ఎల్లప్పుడు ఉలి వాదరకు వెనుకనే యుండవలెను.

ఏడవ పనిముట్టు సానరాయి. మొద్దు ఉలి ఇచ్చిన క్షేమమని తలంచుట పొరపాటు. మొద్దు ఉలిని బలముగా త్రోయవలసివచ్చును. అట్లు త్రోసినది జారినచో ఎటు పోవునో తెలియదు. ఉలి ఏటవాలును సుమారు 25 నుండి 30 డిగ్రీలలో నిలిపి రాతిపై రాయవలెను. వెనుకవైపున సన్నని అంచు లేచినపుడు, ఆ వైపును చదునుగా నుంచి రాచి తీసివేయవలెను.

మరియొక మాట. ఉలిని మన ఇరుగుపొరుగు తమిళులును, కన్నడిగులును ‘ఉళి’ యనియే యందురు. రంపమును కన్నడిగులు ‘గరగస’ మందురు. ఇతర భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఇట్టి పేర్లు పాఠములకంటె పనిలోనే బాగుగా నిలుచును. మాటలను చిత్రిక పట్టుట యని తెలుగున వాడుక కలదు. కొయ్యను ఒక్కమారైన చిత్రికపట్టిన బిడ్డకు ఆ మాట విప్పిచెప్ప నక్కరలేదు.

మొదటి పీట కుంటినచో పరిహసింపకుడు. ఏ కాలు పొడవైనదో బిడ్డచేతనే కొలిపించుడు.