వాన్ అలెన్ వికిరణ వలయాలు

భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకొని, భూమి చుట్టూ వలయాకారంలో పరచుకొని ఉన్న విద్యుదావేశ కణాల సమూహాలను వాన్ అలెన్ వికిరణ వలయాలు అంటారు. లోపలి వలయంలో అధికశక్తి గల ప్రోటాన్లు, వెలుపలి వలయంలో ఎలక్ట్రాన్లు ప్రధానమైనవి. 1958లో వీటి ఉనికిని నిర్ధారించిన అమెరికా భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్ పేరు వీటికి స్థిరపడింది.

ఆవిష్కరణ

1958 జనవరి 31న అమెరికా తన తొలి ఉపగ్రహమైన ఎక్స్‌ప్లోరర్ 1ను ప్రయోగించింది. దాని బరువు సుమారు 14 కిలోగ్రాములు. విశ్వకిరణాలను కొలవటానికి అయోవా విశ్వవిద్యాలయంలోని వాన్ అలెన్ బృందం అందులో ఒక గైగర్ గణకాన్ని అమర్చింది. తక్కువ ఎత్తులో ఆ గణకం సెకనుకు సుమారు 30 కణాలను లెక్కించింది. ఇది ఊహించినదే. కాని దక్షిణ అమెరికా మీదుగా ఎక్కువ ఎత్తులో పోతున్నప్పుడు లెక్క సున్నాకు పడిపోయింది! ఉపగ్రహంలో టేపు రికార్డరు లేనందున భూకేంద్రాలకు అందిన కొద్ది నిమిషాల సంకేతాలే ఆధారం. పరికరం చెడిపోయిందా, అక్కడ కిరణాలే లేవా అన్నది తేలలేదు.

ఎక్స్‌ప్లోరర్ 2 కక్ష్యను చేరలేదు. మార్చి 26న ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్ 3లో జార్జ్ లడ్విగ్ తయారు చేసిన చిన్న టేపు రికార్డరు ఉంది. అది ఒక పూర్తి ప్రదక్షిణ సమాచారాన్ని దాచి, భూకేంద్రం ఆదేశించగానే కొన్ని క్షణాలలో పంపేది. అందులో లెక్క క్రమంగా పెరిగి, గరిష్ఠ స్థాయిని చేరి, ఆపైన సున్నా అయి, తిరిగి పైకి రావటం స్పష్టంగా కనిపించింది. చెడిపోయిన పరికరం ఇలా ప్రవర్తించదు.

గైగర్ గణకం ఒక కణాన్ని లెక్కించిన తరువాత తేరుకోవటానికి కొంత వ్యవధి కావాలి. ఆలోపే కణాలు వరుసగా వచ్చి పడితే విద్యుత్ స్పందనలు బలహీనపడి, లెక్కకు అందవు. కార్ల్ మెక్‌ఇల్వెయిన్ అటువంటి గణకాన్నే ప్రయోగశాలలో తీవ్రమైన ఎక్స్-కిరణాలకు గురిచేసి దీనిని రుజువు చేశాడు. అనగా ఆ సున్నాకు అర్థం వికిరణం లేదని కాదు, పరికరం కొలవలేనంత ఎక్కువగా ఉన్నదని! 1958 మే 1న వాన్ అలెన్ ఈ ఫలితాన్ని వాషింగ్టన్‌లో ప్రకటించాడు.

తరువాతి కొలతలు

జూలైలో వెళ్ళిన ఎక్స్‌ప్లోరర్ 4లో తీవ్ర వికిరణాన్ని తట్టుకొనే గణకాలను అమర్చారు. డిసెంబరులో చంద్రుని వైపు పంపిన పయొనీర్ 3 గమ్యం చేరలేక, లక్ష కిలోమీటర్ల దూరం నుండి వెనుదిరిగింది. ఈ వైఫల్యం వల్ల ఒక మేలు జరిగింది: పోతూ, వస్తూ తీసిన కొలతలలో వెలుపలి వలయం బయటపడింది.

1957 నవంబరులోనే రష్యా స్పుత్నిక్ 2లో సెర్గీ వెర్నోవ్ గణకాలను పంపాడు. అయితే సోవియట్ కేంద్రాల మీదుగా పోయేటప్పుడు ఆ ఉపగ్రహం తక్కువ ఎత్తులో ఉండేది. కక్ష్యలో ఎత్తైన భాగం దక్షిణార్ధగోళం మీద ఉండటం వెర్నోవ్ దురదృష్టమనే చెప్పాలి.

2012లో నాసా పంపిన రెండు వాన్ అలెన్ ప్రోబ్‌లు కొన్ని వారాలపాటు నిలిచిన మూడవ వలయాన్ని కూడా గుర్తించాయి. అవి 2019 వరకు పనిచేశాయి.