ఇంటిపేరు చెప్పు సాక్ష్యము

విదేశ వార్తలలో నాయుడు అనియో, రెడ్డి అనియో ముగియు పేరొకటి కనబడినంతనే మనవారికి ప్రాణము లేచివచ్చును. ఆ వ్యక్తి మంత్రి యైనను, క్రీడాకారుడైనను "మనవాడే" యని పొంగిపోదుము. ఈ యానందము సహజము. దీనిని మేము నిందింపము. కాని పేరునుబట్టి దూరపువానిని దగ్గర చేసికొను మనము, ఆ పేరునుబట్టియే దగ్గరివానిని దూరము చేయుచున్నామా యను ప్రశ్న వెంటనే పుట్టుచున్నది. రూపము, వంశము, ఇంటిపేరు అను మూడు సాక్ష్యములను జనులు జాతి నిర్ణయమునకు దెచ్చుచుందురు. ఇవి యెంతవరకు నమ్మదగినవో విచారింతము.

ముందుగా ఇంటిపేరు. తెలుగువాడు దీనిని తన పేరునకు ముందు నిలుపుకొనును. మన ఇంటిపేరులలో పెక్కులు ఊళ్ల పేరులే. త్యాగరాజస్వామి (1767–1847) ఇంటిపేరు కాకర్ల. ఆ కుటుంబము కావేరీతీరమున స్థిరపడిన పిమ్మటను, కాకర్ల గ్రామపు స్మృతి యా పేరులో నిలిచియున్నది. 1888లో తిరుత్తణిలో జన్మించిన రాధాకృష్ణ పండితుని ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిని చూపుచున్నది. కావున ఇంటిపేరు పూర్వులు నడచిన త్రోవను దెలుపునని చెప్పవచ్చును. అది రక్తమును దెలుపునా? ఒకే యూరినుండి తరలిన వేర్వేరు కులములవారు ఒకే ఇంటిపేరును ధరించుట మనమెరుగుదుము. ఆడపడుచు వివాహముతో పుట్టినింటి పేరు విడిచి మెట్టినింటి పేరు గ్రహించుచున్నది. దత్తపుత్రునకు ఇంటిపేరే గాక గోత్రమును మారుచున్నది. ఇంటిపేరు రక్తమునకు ముద్ర కాదని మన యాచారమే యెన్నడో తీర్పు చెప్పియున్నది.

సముద్రము దాటిన తెలుగువారి చరిత్ర దీనిని మరింత స్పష్టము చేయుచున్నది. 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి బయలుదేరిన ట్రూరో యను నోడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు ఒడంబడిక కూలీలుగా నేటాలునకు పోయిన భారతీయులు 1,52,000కు మించిరి. అందు సుమారు మూడింట రెండువంతులు మదరాసు రేవునుండి వెళ్లినవారు. వీరిలో తమిళులతోపాటు తెలుగువారును గలరు. ఓడ పట్టీలలో ఒక్కొక్కరికి నొక సంఖ్యను కేటాయించి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, శరీరముపైని గుర్తులు వ్రాసికొనిరి. మన ఇంటిపేరునకు మాత్రము ఆ పట్టీలో గడి లేదు. గుమాస్తా చెవికి వినబడినదే పేరైనది. తండ్రిపేరో, నాయుడు వంటి గౌరవ పదమో మనుమల కాలమునకు వంశనామమై కూర్చున్నది. ఊరి పేరును మోసికొని వచ్చిన ఇంటిపేరు పెక్కు కుటుంబములలో సముద్రము పాలైనది. నేడు అచ్చట నాయుడని పిలువబడువాని పేరులో వాని పూర్వుల కథ కొంతయు, గుమాస్తా కలము చేసిన పని కొంతయు గలవు.

ఇందులకు తంబినాయుడు చరిత్రము తార్కాణము. ఈయన 1875లో మారిషసు ద్వీపమున జన్మించి, ట్రాన్సువాలునకు వచ్చి, గాంధీమహాత్ముని సత్యాగ్రహమునందు ముందు వరుసను నిలిచి పలుమారులు కారాగారమున కేగిన వీరుడు. పేరునుబట్టి ఆంధ్రుడని మనము ముచ్చటపడవచ్చును. గాంధీజీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రమున ఈయనను తమిళుడని పేర్కొని, తెలుగు కొంత తెలిసినవాడని మాత్రము వ్రాసియున్నాడు. ఆయన తమిళుడా, తెలుగువాడా యని తగవులాడుట వ్యర్థము. 1907నాటి ట్రాన్సువాలు శాసనము ఆసియావాసులను వ్రేలిముద్ర లిమ్మని నిర్బంధించినది. 1908 ఆగస్టు 16వ తేదీన జోహానెస్‌బర్గులోని హమీదియా మసీదు ప్రాంగణమున రెండువేలకు పైగా నమోదు పత్రములు దగ్ధమైనవి. ఆ మంటయెదుట గుమిగూడినవారిలో తమిళులు, తెలుగువారు, గుజరాతీలు, హిందువులు, మహమ్మదీయులు, పార్సీలు గలరు. వారినందరిని ఒక్కటి చేసినది ముఖ కవళిక కాదు, వంశవృక్షము కాదు. అవమానమును సహింపరాదను సంకల్పము.

ఇక రూపమును గూర్చి. రూపముచేత జాతిని నిర్ణయింపవచ్చునను భ్రమ శాసనమైనచో నేమగునో ఆ దేశమే లోకమునకు చూపినది. అచ్చట 1950లో జనుల నమోదు చట్టము పుట్టినది. చూపునకు తెల్లవాడుగ నుండుట, లేదా లోకులు తెల్లవాడని యంగీకరించుట యను రెండే దానికి గీటురాళ్లు. భారతీయులను 1959లో వర్ణసంకరుల తరగతిలో నొక యుపశాఖగా జేర్చిరి. తలవెండ్రుకలలో పెన్సిలు గ్రుచ్చి, అది జారిపడునో నిలుచునో చూచి మనుష్యుని జాతి తేల్చిన యధికారులును గలరు. 1955లో తెల్ల తలిదండ్రులకు పుట్టిన శాండ్రా లెయింగ్ అను బాలిక చామనఛాయగ నున్నదని 1966లో బడినుండి వెడలగొట్టి వర్ణసంకరురాలని నమోదు చేసిరి. మరుసటి యేట వంశమునే ప్రధానముగ నెంచుచు చట్టమును సవరింపగా ఆ బాలికయే మరల తెల్లజాతిది యైనది. చర్మమున నేమియు మారలేదు. కాగితముపైని మాట మారినది. ఆ మాటనుబట్టియే ఏ వీథిని నివసింపవలెనో, ఏ బడిని చదువవలెనో, ఎవరిని పెండ్లాడవలెనో నిర్ణయమగుచుండెను. 1991లో ఆ చట్టము రద్దగువరకు కుటుంబములు చీలిన వృత్తాంతములు అనేకములు.

ఆ దేశమే 1996లో నూతన రాజ్యాంగమును నిర్మించుకొన్నది. అందు ఆరవ ప్రకరణమున, గౌరవింపదగిన ప్రజాభాషలను పేర్కొనుచు తమిళ, హిందీ, గుజరాతీ, ఉర్దూలతోపాటు తెలుగును చేర్చిరి. ముఖమును చూచి మనుష్యుని త్రోసివేసిన రాజ్యమే కడకు వాని మాటను మన్నించినది. దీనికి వెనుక అచ్చటి తెలుగువారి కృషియు గలదు. 1931లోనే వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, బడులు, భజనలు, పండుగల మూలమున భాషను కాపాడుకొన యత్నించిరి. ఇంటిపేరులు పోయినవారు సైతము తెలుగువారుగ నిలిచిన దీ యత్నముచేతనే.

స్వదేశమునకు వత్తము. తంజావూరు నేలిన శాహజీ మహారాజు భోసలే వంశజుడు, మహారాష్ట్రుడు; ఆయన తెలుగున యక్షగానములు రచించెను. బ్రౌనుదొర (1798–1884) ఆంగ్లేయుడు. 1829లో వేమన పద్యములను ముద్రించి, పిమ్మట నిఘంటువులు కూర్చి, చెదలపాలగు తాళపత్ర గ్రంథములను రక్షించెను. పిఠాపురమున వెలసిన ఉమర్ ఆలీషా కవి (1885–1945) పేరు వినినవాడు ఉర్దూ కవి యనుకొనును. ఆయన తెలుగు కవిగా కీర్తి గడించెను. వంశమును, రూపమును, పేరును ద్వారమునొద్ద నిలిపి పరీక్షించియుండినచో వీరిలో నొక్కరును మన సాహిత్య మందిరమున నడుగిడియుండరు. నష్టము వారిది కాదు, మనది.

అట్లని పూర్వస్మృతిని పారవేయుమని మా యభిప్రాయము కాదు. ఇంటిపేరు, స్వగ్రామము, తాతముత్తాతల వలసలు ప్రతి కుటుంబమును వ్రాసియుంచుకొనవలసినవే. అవి లేక ఓడ పట్టీలోని సంఖ్యను, తప్పుగా వ్రాసిన యూరి పేరును చేతబట్టి, పూర్వుల గ్రామమును వెదకుచు నేటికిని మన దేశమునకు వచ్చువారు గలరు. అట్టివారు వచ్చినప్పుడు వారి ముక్కల తెలుగును విని నవ్వక, నాలుగు మాటలు నేర్పి పంపుట మన విధి.

అంతకంటె ముఖ్యమైన విధి మన యింటిముంగిటనే యున్నది. మన యూరిలోనే పుట్టి, మన భాషలోనే తల్లి లాలి విని పెరిగిన షేక్, సయ్యద్ నామధారిని జూచి "మీరు తెలుగు చక్కగా మాట్లాడుచున్నారే" యని మెచ్చుకొనువారు నేటికిని గలరు. అది మెచ్చుకోలు కాదు. నీవు మావాడవు కావని మర్యాదగ చెప్పుట. వేయి క్రోసుల దూరమున తెలుగు మరచిన నాయుని మనవాడని చంకలు గొట్టుకొనుచు, పొరుగింట తెలుగే తప్ప వేరొండెరుగని వానిని అతిథిగ జూచుట న్యాయమా? పాఠకులు తమ వీథిలోని పేరులను ఒక్కమారు స్మరించి, దీనికి తామే సమాధానము చెప్పుకొందురుగాక.