పంకా అని పిలవకండి! (స్ట్రైకవుట్ గురించి కొన్ని సంగతులు)



పోయిన నెలలో మన సాఫ్ట్‌బాల్ జట్టు జోనల్ ఆటలకు వెళ్ళి, రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చిన సంగతి మీ అందరికీ తెలిసిందే. ఆ ఆటలో ఏడో తరగతి చెల్లి ఒకామె మూడుసార్లు బ్యాటు పట్టి, మూడుసార్లూ స్ట్రైకవుట్ అయ్యింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరో ఆమెను "పంకా" అన్నారు. అంటే గాలికి గిర్రున తిరగడమే గాని దేనికీ తగలదని అర్థం. అందరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు భోజనాల వరుసలో, కుళాయి దగ్గర, పడుకునే గదిలో ఆ చెల్లికి అదే పేరు. ఆమె సాయంత్రం గ్రౌండుకు రావడం మానేసింది.

ఆ పేరు పెట్టిన "ఎవరో" నేనే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా స్ట్రైకవుట్ అంటే ఏమిటో ఆట తెలియని వారి కోసం చెబుతాను. మనం ఆడే సాఫ్ట్‌బాల్‌కు అక్క లాంటిది బేస్‌బాల్. అది అమెరికాలో పెద్ద ఆట. బంతి విసిరేవారిని పిచ్చర్ అంటారు. బంతి బ్యాటు పట్టినవారి రొమ్ముకూ మోకాళ్ళకూ మధ్య ఎత్తులో, హోమ్ ప్లేటు మీదుగా వస్తే అది మంచి బంతి. దాన్ని కొట్టకుండా చూస్తూ నిలబడితే ఒక స్ట్రైకు. ఊపినా తగలకపోతే ఒక స్ట్రైకు. గీత అవతలికి కొడితే ఫౌల్, అదీ స్ట్రైకే, కాని మొదటి రెండింటి వరకే లెక్క. మూడు స్ట్రైకులైతే అవుట్! ఇదే స్ట్రైకవుట్. చెడ్డ బంతులు నాలుగు వస్తే మాత్రం పరుగు పెట్టకుండానే నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోవచ్చు. దాన్ని వాక్ అంటారు.

స్కోరు పుస్తకంలో స్ట్రైకవుట్‌కు ఇంగ్లీషు "కె" అక్షరం వేస్తారు. స్ట్రక్ అనే మాటలో చివరి అక్షరం అన్నమాట. ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ అక్షరాన్ని తిరగేసి రాస్తారు. మన మేడమ్ పుస్తకంలో ఆ చెల్లి పేరు ఎదుట వరసగా మూడు "కె"లు ఉన్నాయి. మూడూ నిటారువే. అంటే ఆమె భయపడి నిలబడిపోలేదు, ఊపింది.

అసలు బంతి ఎందుకు తగలదు? బేస్‌బాల్‌లో పిచ్చర్‌కూ బ్యాటు పట్టినవాడికీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పెద్ద ఆటగాళ్ళు గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. అంటే బంతి అర సెకను కూడా పట్టకుండానే వచ్చేస్తుంది. ఈలోపే బంతిని చూడాలి, మంచిదో చెడ్డదో తేల్చుకోవాలి, బ్యాటు ఊపాలి. బ్యాటేమో గుండ్రటి కర్ర, లావుగా ఉన్నచోట కూడా 2.61 అంగుళాలకు మించకూడదని నియమం. బంతి కూడా గుండ్రమే. గుండ్రటి దానితో గుండ్రటి దాన్ని కొట్టాలి!

ఇందులో ఇంకో కిటుకు ఉంది. బంతిని చాలా దూరం పంపాలంటే బలంగా ఊపాలి. బలంగా ఊపాలంటే ముందుగానే మొదలుపెట్టాలి. ఒకసారి మొదలుపెట్టాక బంతి వంకర తిరిగితే బ్యాటును ఆపలేం. మెల్లగా, చిన్నగా ఊపేవాళ్ళకు బంతి తగులుతుంది గాని దూరం పోదు. కాబట్టి ఎక్కువ దూరం కొట్టేవాళ్ళే చాలావరకు ఎక్కువసార్లు స్ట్రైకవుట్ అవుతారు.

నమ్మరా? అయితే వినండి. బేబ్ రూత్ అనే ఆటగాడు తన జీవితంలో 714 హోమ్ రన్‌లు కొట్టాడు. 1935లో అతడు ఆట మానేశాడు. 1974లో హాంక్ ఆరన్ వచ్చేదాకా ఆ లెక్కను ఎవరూ దాటలేదు. అదే బేబ్ రూత్ 1,330 సార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. 1927లో అతడు 60 హోమ్ రన్‌లు కొట్టాడు, 89 సార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. ఆ ఏడు వాళ్ళ లీగులో రెండింటిలోనూ అతడే మొదటివాడు!

అందరికంటే ఎక్కువసార్లు స్ట్రైకవుట్ అయినవాడు రెగ్గీ జాక్సన్. మొత్తం 2,597 సార్లు. కాని అతడు 563 హోమ్ రన్‌లు కొట్టాడు. 1977 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో ముగ్గురు పిచ్చర్లు విసిరిన మొదటి బంతులనే వరసగా మూడు హోమ్ రన్‌లుగా కొట్టి తన జట్టును గెలిపించాడు. 1993లో అతడిని గొప్ప ఆటగాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2,597 సార్లు తలవంచుకుని వెనక్కి నడిచినవాడు అతడే అని గుర్తు పెట్టుకోండి.

దీనికి ఎదురు మనిషి జో సీవెల్. ఈయన 1925లో ఏడాది మొత్తంలో స్ట్రైకవుట్ అయింది నాలుగంటే నాలుగే సార్లు. జీవితం మొత్తంలో 114 సార్లే. కాని హోమ్ రన్‌లు 49 మాత్రమే. ఈయన కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఇంకో విశేషం ఏమిటంటే 1931 నుండి 1933 వరకు సీవెల్, రూత్ ఇద్దరూ ఒకే జట్టులో, న్యూయార్క్ యాంకీస్‌లో ఆడారు. 1932లో ఆ జట్టే వరల్డ్ సిరీస్ గెలిచింది. జట్టుకు ఇద్దరూ పనికొచ్చారు.

"బంతి తగిలితే ఏదో ఒకటి జరుగుతుంది కదా, స్ట్రైకవుట్ అయితే ఏమీ జరగదు కదా" అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అది కొంత నిజమే. మూడో బేస్ మీద మనవాళ్ళు ఉన్నప్పుడు బంతిని ఎత్తుగా దూరం కొట్టి మనం అవుటైనా, ఆమె పరుగెత్తి రావచ్చు. స్ట్రైకవుట్ అయితే ఆ వీలు లేదు. కాని మొదటి బేస్ మీద మనవాళ్ళు ఉన్నప్పుడు బంతిని నేల మీద నేరుగా ఎదుటివాళ్ళ చేతుల్లోకి కొడితే? వాళ్ళు రెండో బేస్‌కు విసిరి ఒకరిని, వెంటనే మొదటి బేస్‌కు విసిరి ఇంకొకరిని అవుట్ చేస్తారు. ఒక్క దెబ్బకు ఇద్దరు! స్ట్రైకవుట్ అయితే ఒక్కరే పోతారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ ఓడిపోయిన ఆటలో చివరి ఇన్నింగ్స్‌లో సరిగ్గా అలా ఇద్దరిని పోగొట్టింది నేను. కాని నా బ్యాటుకు బంతి తగిలింది కాబట్టి ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం బస్సెక్కి ఇంకొకరికి పేరు పెట్టాను.

మొన్న పి.ఇ.టి. మేడమ్‌ను అడిగి స్కోరు పుస్తకం తెచ్చుకుని ఈ ఏడాది ఏడు ఆటలూ లెక్కవేశాను. ఆ చెల్లి 20 సార్లు బ్యాటు పట్టింది. 9 సార్లు స్ట్రైకవుట్, 3 సార్లు వేరే విధంగా అవుట్, 4 వాక్‌లు, రెండు బేస్‌ల దెబ్బలు 2, హోమ్ రన్‌లు 2. అంటే 8 సార్లు బేస్ చేరింది. నేను 21 సార్లు పట్టాను. స్ట్రైకవుట్ ఒక్కటే. బేస్ చేరింది 6 సార్లు, అన్నీ ఒక్క బేస్ దెబ్బలే. మిగతా 14 సార్లూ వేరే విధంగా అవుట్. ఆమె దెబ్బలకు ఏడుగురు ఇంటికి చేరారు, నా దెబ్బలకు ముగ్గురు. పుస్తకం మూసేశాక చాలాసేపు నాకు మాట రాలేదు.

అలాగని స్ట్రైకవుట్ అవడమే గొప్ప అని నేను అనడం లేదు. మార్క్ రెనాల్డ్స్ అనే ఆటగాడు 2009లో 223 సార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. అంతకుముందు ఒక్క ఏడాదిలో ఎవరూ అన్నిసార్లు కాలేదు. కాని ఆ ఏడు 44 హోమ్ రన్‌లు కొట్టాడు కాబట్టి జట్టుకు లాభమే. మరుసటి ఏడాది 211 సార్లు అయ్యాడు, హోమ్ రన్‌లు 32కు తగ్గాయి, బ్యాటింగ్ సగటు వెయ్యికి 260 నుండి 198కి పడిపోయింది. కాబట్టి "కె"లు ఒక్కటే లెక్కపెడితే ఏమీ తెలియదు, పక్కన ఏముందో కూడా చూడాలి. మన చెల్లి కూడా నేర్చుకోవాల్సింది ఉంది. భుజాల పైన వచ్చే బంతులను వదిలేయాలి. రెండు స్ట్రైకులయ్యాక బ్యాటును కొంచెం పైకి పట్టుకుని చిన్నగా ఊపాలి. ఇది మేడమ్ చెప్పిన మాట. కాని గ్రౌండుకే రాకపోతే ఎలా నేర్చుకుంటుంది?

తొమ్మిదో, పదో తరగతి వారికి ఒక లెక్క: రెగ్గీ జాక్సన్ అట్ బ్యాట్‌లు 9,864. అందులో స్ట్రైకవుట్లు 2,597. నూటికి ఎన్ని? చేసి ఈ కాగితం కింద ఖాళీలో రాయండి.

శనివారం కొత్త జట్టు పేర్లు ఇదే గోడ మీద అంటిస్తారు. ఆ చెల్లి పేరు ఉండాలని మేడమ్‌తో నేనే చెప్పాను. "ఆమె వస్తే రాస్తాను" అన్నారు మేడమ్. నిన్న రాత్రి ఆమె మంచం దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. బస్సులో అందరి ముందూ అన్నమాట కాబట్టి, ఇక్కడ కూడా అందరి ముందే చెబుతున్నాను. చెల్లీ, తప్పు నాది. బ్యాటు నీ కోసం స్టోరు గదిలో తలుపు వెనకే పెట్టాను.

మిగతా అందరికీ నా మనవి, ఆ పేరుతో ఇక పిలవకండి.

ఇట్లు,
మీ 9వ తరగతి అక్క, సాఫ్ట్‌బాల్ జట్టు