మెదడు చేయు పారాయణము

అబిడ్సునుండి నాంపల్లికి పోవుచు మొజంజాహి మార్కెట్టున పండ్లు కొనుట మనకు వాడుక. ఆ చేరువనే తుల్జాగూడ భవనమున కేంద్రప్రభుత్వపు డి.ఎన్.ఏ. పరిశోధనాలయము కొన్ని సంవత్సరము లుండి, పిమ్మట ఉప్పలునకు తరలినది. వంశానుగతములగు వ్యాధులను కనుగొనుట దాని పనులలో నొకటి.

మన దేహమందలి కణములన్నిటను ఇంచుమించు 20,000 జన్యువులుగల గ్రంథ మొక్కటే యున్నది. ఇంటింట భారత ముండియు, ఒకరు విరాటపర్వమును, వేఱొకరు శాంతిపర్వమును పఠించునట్లు, కాలేయము కొన్ని జన్యువులను, మెదడు మఱికొన్నిటిని చదువును. చదివినదానికి కణము వ్రాసికొను ప్రతియే ఆర్.ఎన్.ఏ. గ్రంథమున తప్పున్నదేమో రక్తపుబొట్టువలన తెలియవచ్చును. మెదడేమి చదువుచున్నదో మెదడునందే చూడవలయును.

అందులకు సాధనము మైక్రోఅర్రే. 1995లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ షీనా, పాట్రిక్ బ్రౌన్ మున్నగువారు ఒక మొక్కయొక్క 45 జన్యువులతో దీనిని చేసి చూపిరి. గాజుపలకపై ఒక్కొక్క చుక్క ఒక్కొక్క జన్యువునకు గుఱుతు. తాళమునకు తగిన చెవివలె, ప్రతి తన చుక్కనే పట్టుకొనును. ఆరోగ్యవంతుల ప్రతులకు ఆకుపచ్చని, రోగుల ప్రతులకు ఎఱ్ఱని మెఱుగు పట్టించినచో, రెండును సమమైనచోట పసుపు తోచును.

అమెరికాలోని అల్లెన్ సంస్థవారు ఇట్టి పలకలతో, మరణించిన ఇద్దరి మెదళ్లను సుమారు 900 చోట్ల పరీక్షించి, 2012లో పటమును ప్రకటించిరి. జన్యువులలో నూటికి 84 మెదడున ఎచ్చటనో యొకచోట చదువబడుచున్నవని తేలెను.

ఐనను తొందరపడి తీర్పు చెప్పరాదు. పారాయణధ్వని తగ్గినచో, చదువువారు మానిరా, లేక చదువువారే తగ్గిరా? వ్యాధివలన నాడీకణములు నశించినను పలకపై కాంతి తగ్గును. వ్యాధికి కారణమేదో, ఫలమేదో పలక యొక్కటియే చెప్పజాలదు.

నేడు ఆర్.ఎన్.ఏ. అక్షరములను నేరుగ చదువు పద్ధతిని ఈ పలకలకు బదులుగ విరివిగా వాడుచున్నారు. దానికిని మెదడు తునుక కావలయును గదా! జీవించియున్నవారినుండి శస్త్రచికిత్సవేళ దప్ప అది దొరకదు. మరణించినవారి బంధువు లిచ్చినదే ముఖ్యాధారము. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థలో ఇట్టి దానములను భద్రపఱచు భాండార మున్నది.

ప్రాణము పోయిన కొలది గంటలలోనే ఈ నిర్ణయము జరుగవలెను. అట్టి శోకవేళ ఇల్లాలిని హఠాత్తుగ నడిగిన నేమి చెప్పగలదు? కావున పెద్దలు సుఖముగ నున్నప్పుడే వారి యభిప్రాయమును మెల్లగ నడిగి తెలిసికొనుట మేలని మా మనవి. వలదనినను అది వారి యిష్టము. సమ్మతించినచో ఆ మాటను నిలుపుట మన వంతు.