వియన్నా కార్మికుల మహాగృహము

ఇళ్ళ స్థలములో ఎంత భాగము కట్టాలి, ఎంత ఖాళీగా విడవాలి? ఈ ప్రశ్నలో నివసించేవారి ఆరోగ్యము ఇమిడి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వము ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నూటికి 85 వంతుల వరకు స్థలమంతా కట్టివేసేవారు. కార్మికులుండే ఇళ్ళలో అంతస్తు మొత్తానికీ నడవలో ఒకటే కొళాయి. వంటగది కిటికీ తెరుచుకొనేది ఆ నడవలోకే! కిటికీ నుండి ఆకాశము ఎంత కనబడితే గదికి అంత వెలుతురు గదా. ఇక అక్కడ వెలుతురు మాటేమిటి? క్షయకు ‘వియన్నా వ్యాధి’ అనే పేరే వచ్చినది.

1923లో పురపాలక సంఘము గృహనిర్మాణపు పన్ను విధించినది. ఆర్థిక వ్యవహారాలు చూచే హ్యూగో బ్రైట్నర్ దీనిని అద్దెనుబట్టి మెట్లు మెట్లుగా పెరిగేటట్లు రూపొందించాడు. అత్యంత ఖరీదైన అర శాతము ఇళ్ళ నుండే సుమారు 45 శాతము పన్ను వచ్చినది. అప్పు చేసి కట్టలేదు గనుక వడ్డీ లేదు. అద్దెతో నిర్వహణ ఖర్చు గడిస్తే చాలును.

ఆ సొమ్ముతో కట్టినవాటిలో పేరుపొందినది హైలిగెన్‌ష్టాట్‌లోని కార్ల్ మార్క్స్ హోఫ్. ‘హోఫ్’ అనగా లోపలి ఆవరణ. కిటుకంతా అందులోనే ఉన్నది. ఓటో వాగ్నర్ శిష్యుడైన కార్ల్ ఏన్ దీని శిల్పి. పని 1927లో మొదలయినది. 1930 అక్టోబరు 12న నగరాధ్యక్షుడు కార్ల్ సైట్స్ ప్రారంభోత్సవము చేశాడు. పొడవు కిలోమీటరుకు పైమాటే. మామూలు నడకన ఈ కొస నుండి ఆ కొసకు పావుగంట పట్టును. వాటాలు 1,382. అయినా 1,56,000 చదరపు మీటర్ల స్థలములో కట్టడము ఆక్రమించినది నూటికి 18.5 వంతులే! తక్కినది తోటలు, పిల్లల ఆటస్థలాలు.

వాటాలు చిన్నవి. కొళాయి, మరుగుదొడ్డి లోపలనే ఉన్నవి గాని స్నానాల గది లేదు. అందుకు ఉమ్మడి స్నానశాలలు కట్టారు. బట్టలుతుకు శాలలు, శిశువిహారాలు, గ్రంథాలయము, దంతవైద్యశాల కూడా ఏర్పరచారు. స్నానానికి ఇల్లు దాటి పోవడము ఇబ్బందే. కాని ఆ ఖర్చు మిగలబట్టే మరికొన్ని కుటుంబాలకు చోటు దొరికినదని ఒప్పుకోవాలి.

1934 ఫిబ్రవరి అంతర్యుద్ధములో కార్మికులు ఇక్కడ తలదాచుకొని పోరాడగా సైన్యము ఫిరంగులు పేల్చినది. ఇది ఇల్లు కాదు, కోట అని ప్రత్యర్థుల వాదము. పెద్ద పెద్ద కమానులు చూస్తే అలాగే తోచును. అయితే ఇన్ని కిటికీలు, ఇన్ని బాల్కనీలు గల కోటను ఏ సేనాని కోరును? కొంతకాలము పేరు కూడా మార్చారు. యుద్ధానంతరము పాత పేరే తిరిగి వచ్చినది. 1989–92 మధ్య మరమ్మతులు జరిగినవి. నేటికీ అక్కడ నగరపు అద్దెదారులే కాపురముంటున్నారు. ఒక బట్టలుతుకు శాలలో 2010 నుండి ఈ చరిత్ర చెప్పే ప్రదర్శనశాల నడుస్తున్నది.