లూపస్ ఆడవాళ్ళకే ఎందుకెక్కువ?

లూపస్ వచ్చిన ప్రతి పదిమందిలోనూ సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్ళే. వాళ్ళలో మా చెల్లెలొకతె. వేళ్ళు ముడవలేకపోతున్నానంటే "పని తప్పించుకోడానికి వంకలు" అన్నారు అత్తగారింట్లో. జబ్బు పేరు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిశాక అది అడిగిన మొదటి మాట "నేనేం పాపం చేశానక్కా?" అని.

పాపమూ కాదు, వంకా కాదు. కారణంలో కొంత భాగం మన జీవకణాల్లోనే ఉందంటున్నారు శాస్త్రవేత్తలు. అదేమిటో చూద్దాం.

శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడడం లూపస్. ఇది ఆడవాళ్ళలో ఎక్కువగా ఉండడానికి హార్మోన్లు కారణమని చాలాకాలంగా అనుకుంటున్నారు. అదీ కొంత నిజమే. కానీ ఇంకో తేడా కూడా ఉంది. మగవాళ్ళకి ఒక ఎక్స్ క్రోమోజోమ్, ఒక వై. మనకి రెండూ ఎక్సులే. రెండూ పూర్తిగా పనిచేస్తే మోతాదు మించిపోతుంది కాబట్టి ప్రతి కణంలోనూ ఒకదానికి తాళం పడుతుంది. ఈ సంగతి 1961లో ఇంగ్లండు శాస్త్రవేత్త మేరీ లయన్ చెప్పారు.

ఆ తాళం వేసేది 'ఎగ్జిస్ట్' అనే ఆర్.ఎన్.ఎ. దీని సంగతి 1991లో బయటపడింది. ప్రోటీను ఎలా తయారుచెయ్యాలో డి.ఎన్.ఎ. నుంచి కబురు మోసుకొచ్చేది ఆర్.ఎన్.ఎ. అని బడిలో చదువుకున్నాం కదా! ఇది మాత్రం ఏ ప్రోటీనునీ తయారుచెయ్యదు. ఇలాంటివాటిని నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లంటారు. ఎగ్జిస్ట్ పదుల సంఖ్యలో ప్రోటీన్లను వెంటబెట్టుకుని, ఒక ఎక్స్ క్రోమోజోమ్‌ని దుప్పటిలా కప్పేస్తుంది.

మరి జబ్బుకీ దీనికీ ఏమిటి సంబంధం? కణం చనిపోయినప్పుడు ఈ మూట బయటపడితే, రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకోవచ్చు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ చాంగ్ బృందం దీన్ని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించింది. మగ ఎలుకల్లో ఎగ్జిస్ట్ తయారయ్యేలా చేసి, లూపస్ లాంటి జబ్బు తెప్పించే రసాయనం ఎక్కించారు. జబ్బుకి లొంగే జాతి మగ ఎలుకలకి దాదాపు ఆడ ఎలుకలంత ఎక్కువగానూ వచ్చింది. లూపస్ రోగుల రక్తంలో కూడా ఈ మూటలోని ప్రోటీన్ల మీద దాడిచేసే ప్రతిరక్షకాలు కనిపించాయి.

అలాగని భయపడకండి. ఎగ్జిస్ట్ ఆడవాళ్ళందరిలోనూ ఉంది, లూపస్ కొందరికే వస్తుంది. వంశపారంపర్య లక్షణాలు, ఇతర ప్రేరేపణలు తోడైతేనే జబ్బు. ఎగ్జిస్ట్‌ని అదుపుచేసే మందు ఇంకా రాలేదు. కానీ జబ్బుని అదుపులో ఉంచే మందులున్నాయి.

పొద్దున్నే కీళ్ళు బిగుసుకోవడం, ఎండ తగిలితే బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, నోట్లో పుళ్ళు, విడవని జ్వరం, అంతులేని నీరసం - ఇవి కలిసి వారాల తరబడి వేధిస్తుంటే రుమటాలజిస్టుని కలవండి. ఎ.ఎన్.ఎ. అనే రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయిస్తారు. ఎ.ఎన్.ఎ. పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ అని కాదు, మిగతా లక్షణాలూ చూసి డాక్టరే తేల్చాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నా మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, అందుకే మూత్రపరీక్ష మానకూడదు. కాస్త తగ్గిందని మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి. పిల్లల్ని కనాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఇంట్లో కోడలో, కూతురో ఒళ్ళు నొప్పులంటే వంకలనకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి.